సంగటియాళ నుంచి స్టోరు బియ్యం దాకా

మా తాడిపత్రి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లకు గడియారంతో పెద్దగా పని ఉండేది కాదు. పొద్దున చేనికి పోయేముందు ఇంత తినిపోయే వేళ సద్దియాళ. ఎండ నెత్తిమీదికి వస్తే సంగటియాళ. "రేపు సంగటియాళకంతా వస్తాలే" అని ఎవరైనా చెప్తే ఎన్ని గంటలకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నా చిన్నప్పుడు, అంటే 1990లలో, ఈ మాటలు ఇంకా వినపడుతుండేవి. కానీ సంగటియాళకు ఇల్లు చేరినవాళ్ల కంచంలో పడేది సంగటి కాదు, అన్నం. పాత కోడ్‌లో ఫంక్షన్ పేరు అట్లే ఉండిపోయి, లోపల చేసే పని పూర్తిగా మారిపోతుంది చూడండి, అట్లాంటిదే ఇది కూడా. పేరు మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు.

చిన్ననాటి తిండి గురించి రాసేటప్పుడు మనం మామూలుగా అమ్మ చేతి రుచి దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఆ గింజ అమ్మ చేతికి ఎట్లా వచ్చింది, ఎవరు పంపారు, అంతకుముందు ఆ చేటలో ఏముండేది అని అడగం. తడి నేలల వాళ్లకు ఈ ప్రశ్న అంత అవసరం కాకపోవచ్చు. గోదారి ఒడ్డున పుట్టినవాళ్లు తాతముత్తాతల నాటి నుంచీ వరన్నమే తిన్నామని చెప్పుకోవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని అనంతపురంలో మాత్రం ఇంటి వంటను గుర్తుచేసుకోవడమంటే రైలుమార్గాలనూ కరువు కూలి లెక్కలనూ రేషన్ కార్డులనూ గుర్తుచేసుకోవడమే.

కంచంలో ఏముండేది

ముందు మా ఇంటి లెక్క చెప్తాను. పొద్దున ఉగ్గాని. బొరుగులు నీళ్లలో నానేసి, పిండి, ఎర్రగడ్డలు పచ్చిమిరపకాయలతో తిరగవాత పెట్టి, పైన పుట్నాలపొడి చల్లేవాళ్లు. లేదంటే రాత్రి మిగిలిన అన్నంతో చిత్రాన్నం. సంగటియాళకు అన్నం, పప్పు. ఆ పప్పులోకి కాలాన్ని బట్టి చింతచిగురో, గోగాకో, పెరట్లో దొరికిన ఇంకో ఆకో. పక్కన ఊరిబిండి. రాత్రికి చారు, మజ్జిగ. ఆదివారం కోడి కోస్తే మాత్రం రాగిసంగటి. పొయ్యి దగ్గర అమ్మ, కింద అటకాయించిన గిన్నెను కాళ్లతో అదిమిపట్టి తెడ్డుతో కెలికే చిన్నమ్మ, ఉడుకుడుకు సంగటిని తడిచేత్తో ముద్దలు చేసే జేజి. ఒక్క ముద్ద వెనుక ముగ్గురు ఆడవాళ్ల చేతులుండేవి.

ఈ జాబితాను ఇప్పుడు చూస్తే రెండు సంగతులు కనపడతాయి. మొదటిది, ఇందులో దాదాపు ప్రతిదీ బియ్యమే. బొరుగులు బియ్యం, చిత్రాన్నం బియ్యం, అన్నం సరేసరి. ఆఖరికి రాగిసంగటిలో కూడా ముందు ఎసట్లో పడేది బియ్యమో, బియ్యం నూకలో. అవి ఉడికినాకే రాగిపిండి పోస్తారు. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే రాగిముద్ద ఒట్టి పిండితోనే అవుతుంది. మనం 'అసలు సిసలు సీమ తిండి' అని హోటల్ బోర్డుల మీద రాసుకుంటున్న సంగటి పొట్టలోనే బియ్యం కూర్చుని ఉంది. వరి పెద్దగా పండని మెట్టసీమలో పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా బియ్యమే తిన్నాం.

రెండోది ఊరిబిండి. పేరులోనే ఊరుంది. కానీ అందులోకి వేసే శెనక్కాయలు, మిరపకాయలు, టమాటాలు మూడూ దక్షిణ, మధ్య అమెరికాల్లో పుట్టి, కొలంబస్ తర్వాత ఓడలెక్కి మన దాకా వచ్చినవే. విజయనగర కాలంలో తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కడుతున్నప్పుడు పెన్న ఒడ్డున రాళ్లు చెక్కిన పనివాడు తన ముద్దలో ఏం నంజుకున్నాడో గానీ, అది ఊరిబిండి మాత్రం కాదు.

అంటే మనం తరతరాలదని అనుకునే తిండి, నిజానికి కొన్ని తరాల కిందటిది. కొన్నయితే ఒక్క తరం కిందటివే.

గింజకు కులం

ఈ సీమ పాత గింజలు కొర్ర, జొన్న, సజ్జ, రాగి, ఆరిక, సామ. వరి లేదని కాదు. చెరువుల కింద, ఏటి కాలువల కింద, బావుల కింద అక్కడక్కడ ఉండేది. అది గుళ్లలో నైవేద్యానికి, మఠాలకు, రెడ్ల కరణాల ఇళ్లకు పోయేది. మిగతావాళ్లకు వరన్నమంటే పండగ. లేదంటే అల్లుడు రావాలి. లేదంటే జ్వరమన్నా రావాలి.

ఏ గింజ తింటే ఆ మనిషి అంతటివాడు అన్న లెక్క సాహిత్యంలో కూడా ఉంది. పల్నాడు పోయిన శ్రీనాథుడు సన్నన్నం దొరక్క జొన్నకూటితో విసుగెత్తి చెప్పాడంటూ కొన్ని చాటువులు ప్రచారంలో ఉన్నాయి. అవి నిజంగా ఆయనవేనా అన్న చర్చ పక్కనపెడితే, వందల ఏళ్లుగా జనం వాటిని నవ్వుకుంటూ చెప్పుకుంటూ వచ్చారు. ఆ నవ్వులో జొన్న తినేవాడు ఎక్కడున్నాడు? వాడు ఆ పద్యంలో ఎగతాళికి దొరికిన సరుకు మాత్రమే. తినలేనివాడి గొంతు నిలిచింది, రోజూ తిన్నవాడి గొంతు నిలవలేదు.

దీనికి ఎదురుమాట మన పక్కింటి కన్నడంలో దొరుకుతుంది. 16వ శతాబ్దపు కనకదాసు 'రామధాన్య చరిత్రె' అని ఒక కావ్యం రాశాడు. అందులో వరికీ రాగికీ ఎవరు గొప్ప అని తగువు వస్తుంది. రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టమంటాడు. గడువు తీరినాక చూస్తే వరి నీరసించిపోయి ఉంటుంది, రాగి చెక్కుచెదరదు. రాముడు మెచ్చి రాగికి తన పేరే ఇస్తాడు. వ్యవసాయం తెలిసినవాడు కట్టిన కథ ఇది. రాగులు పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి పాతరలో నిలవుంటాయి. వానలు నమ్మలేని చోట నిలవుండే గుణానికి మించిన గొప్పతనం లేదు. పేదవాడి గింజ ఎందుకు గొప్పదో చెప్పడానికి ఒక కవి పురాణాన్నే తిరగరాయాల్సి వచ్చిందంటే, ఆ గింజకు సమాజంలో ఎంత చిన్నచూపు ఉండేదో ఊహించుకోవచ్చు.

ఒక పౌను గింజలు

ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. తాడిపత్రి తాలూకా అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా విడిగా ఏర్పడింది 1882లో. ఆ మధ్యలో, 1876లో, ధాత నామ సంవత్సరం వచ్చింది. వానలు పూర్తిగా ఎగగొట్టాయి. ధాత కరువు అని జనం నోళ్లలో నిలిచిపోయింది ఇదే. దక్కను, మద్రాసు, మైసూరు కలిపి రెండేళ్లలో యాభై లక్షలకు పైగా మనుషులు చనిపోయారని చరిత్రకారుల అంచనా. బళ్లారి జిల్లా దారుణంగా దెబ్బతిన్న వాటిల్లో ఒకటి.

ఆ కరువు లెక్కలు చూసుకోవడానికి వైస్రాయ్ లిట్టన్ 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపాడు. ఈ టెంపుల్ కథ వినదగ్గది. 1873-74 బీహారు కరువులో ఇతనే బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచి, చావులను చాలావరకు ఆపాడు. దానికి మెప్పు రాకపోగా, ప్రభుత్వ సొమ్ము తగలేశాడని పైవాళ్లతో తిట్లు తిన్నాడు. ఆ మచ్చ పోగొట్టుకోవాలని మద్రాసులో పిసినారి అయిపోయాడు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల గింజలు, ఒక అణా చాలునని తేల్చాడు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఎండలో రోజంతా రాళ్లు కొట్టినదానికి ఇది కూలి.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పనిచేసే మనిషికి కనీసం 680 గ్రాముల గింజలు కావాలి, పప్పు, కూరగాయలు కూడా ఉండాలి అన్నాడు. ఆ గొడవ ఫలితంగా మార్చిలో మద్రాసు ప్రభుత్వం మధ్యేమార్గంగా 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు దగ్గరికి వచ్చింది. మైక్ డేవిస్ 2001లో ప్రచురించిన 'లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్' పుస్తకంలో టెంపుల్ కూలిని కేలరీల్లోకి మార్చి చూపించాడు. అది 1627. పక్కనే 1944 నాటి బుచెన్‌వాల్డ్ నాజీ శిబిరం లెక్క కూడా ఇచ్చాడు. అది 1750.

మద్రాసు నుంచి రాయచూరుకు రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది. అది తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగానే పోతుంది. ఓడల్లో మద్రాసు రేవుకు చేరిన గింజలు ఈ రైళ్లలోనే లోపలి జిల్లాలకు వచ్చాయి. ఇదే సమయంలో దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి ఆగలేదు. పైగా పెరిగింది. గింజ ఉండటం వేరు, గింజ కొనే డబ్బు ఉండటం వేరు అని మన సీమవాళ్లకు ఆ పట్టాల పక్కన నిలబడి తెలిసింది.

దీన్ని నేను పుస్తకాల్లో చదివాను. మా జేజికి టెంపుల్ పేరు తెలియదు. కానీ ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు చేటలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే డబ్బాలో వేసేది. ఇంట్లో బస్తాలున్నా తీసేది. ఎందుకు జేజీ అంటే, "ఉండనీలే నాయనా, యాలొస్తాదో ఎవురికి తెలుసు" అనేది. ఏమొస్తుందో మాత్రం చెప్పేది కాదు. ఆ పిడికిలి ఆమెకు వాళ్ల అత్త నేర్పింది, ఆ అత్తకు వాళ్లత్త నేర్పి ఉంటుంది. మూడు నాలుగు తరాలు వెనక్కి పోతే అది ధాత కరువు దగ్గరికే చేరుతుంది.

ఇసుర్రాయి పొద్దు

1950ల మొదట్లో మళ్లీ వరసగా కరువులు. ఈసారి మన ప్రభుత్వమే. ఊర్లలో గంజి కేంద్రాలు పెట్టారు. తాడిపత్రి దగ్గర పుట్టి పెరిగిన ఆ తరంవాళ్లలో గంజి కోసం చెంబు పట్టుకుని నిలబడిన జ్ఞాపకం చాలామందికి ఉంది. ఇదే జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 1956లో 'పెన్నేటి పాట' ప్రచురించాడు. పెన్న గురించి కావ్యం రాస్తూ నీళ్ల గురించి కాక, నీళ్లు లేకపోవడం గురించి రాయాల్సి వచ్చింది. తెలుగులో నది మీద రాసిన మిగతా వాటి పక్కన పెట్టి చదివితే ఈ తేడా గుండెకు తగులుతుంది.

అయితే కరువు సాహిత్యంలో కూడా సరిగ్గా రాని ఒక పని ఉంది. పాత గింజలను తిండిగా మార్చే పని. కొర్ర, సామ, ఆరిక గింజల మీద గట్టి పొట్టు ఉంటుంది. రోట్లో వేసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. రాగులు, జొన్నలకు ఆ పొట్టు లేదు గానీ వాటిని ఇసరాలి. ఇంటికి పదిమంది ఉంటే రోజుకు ఎన్ని సేర్ల పిండి కావాలో లెక్కేసుకోండి. తెల్లవారుజామున కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి దగ్గర కూర్చునేవాళ్లు. మనం ఇప్పుడు జానపద సంపదగా సేకరించి దాచుకుంటున్న ఇసుర్రాయి పాటలు ఆ నిద్రమత్తులో, ఆ చేతుల నొప్పిలో పుట్టినవే.

ఊర్లోకి పిండిమిషను రావడం, మిల్లు ఆడిన బియ్యం రావడం అన్నవి ఆడవాళ్లకు రోజులో రెండు మూడు గంటలు తిరిగి ఇచ్చిన సంఘటనలు. బియ్యాన్ని సీమ ఎందుకంత తొందరగా కౌగిలించుకుంది అంటే, రుచి కోసమని, గొప్ప కోసమని చాలా కారణాలు చెప్తారు. వండే మనిషిని ఎవరూ అడగలేదు. కడిగి పొయ్యి మీద పెడితే ఇరవై నిమిషాల్లో ఉడికే గింజ అది. దంచనక్కర్లేదు, ఇసరనక్కర్లేదు, కెలకనక్కర్లేదు.

శెనక్కాయ, రెండు రూపాయలు

ఈ మధ్యలో చేలల్లో ఇంకో మార్పు జరుగుతోంది. 19వ శతాబ్దంలో పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సు నూనె మిల్లులకు ఎగుమతి కోసం తమిళదేశంలో పెరిగిన శెనక్కాయ మెల్లగా మన ఎర్రనేలల్లోకి పాకింది. మన జిల్లాలో దశాబ్దాలపాటు ఎక్కువగా వేసిన రకం పేరు టీఎంవీ-2. 1940 ప్రాంతంలో తిండివనం పరిశోధనా కేంద్రంలో తయారైంది. టీఎంవీ అంటే తిండివనమే. ఆ ఊరి పేరు తింత్రిణీవనం, అంటే చింతతోపు అన్న మాట నుంచి వచ్చిందంటారు. కానీ తెలుగు చెవికి 'తిండి' అనే వినిపిస్తుంది. తిండిగింజలను చేలల్లోంచి వెళ్లగొట్టిన పంటకు ఆ పేరు తగులుకోవడం కాలం చేసిన చమత్కారం.

కొర్ర, జొన్న వేస్తే ఇంట్లోకి గింజలొస్తాయి, పశువులకు మేత వస్తుంది, చేతికి డబ్బు రాదు. శెనక్కాయ వేస్తే డబ్బు వస్తుంది, దాని కట్టె పశువులు తింటాయి. మరి మనిషి ఏం తినాలి? ఈ ప్రశ్నకు జవాబు 1983లో వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. మనిషికి ఐదు కిలోలు, కార్డుకు ఎక్కువలో ఎక్కువ ఇరవై ఐదు. యాభై రూపాయలతో నెలకు పాతిక కిలోల వరిబియ్యం ఇంటికి వస్తుంటే, నాలుగు నెలలు ఆకాశం చూసి కొర్రలు పండించి, దంచుకుని తినమని ఎవరు చెప్పగలరు?

బియ్యమే ఎందుకిచ్చారు, జొన్నలు, రాగులు ఎందుకు ఇవ్వలేదు అనడిగితే జవాబు మన జిల్లాలో లేదు, డెల్టాల్లో ఉంది. 1960ల తర్వాత కొత్త వరి వంగడాలు, ఎరువులు, కాలువల నీళ్లతో కృష్ణా గోదావరి జిల్లాల్లో వరి దిగుబడి బాగా పెరిగింది. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థకు సేకరించడానికి, నిల్వచేయడానికి, రవాణా చేయడానికి బియ్యం, గోధుమలు అనుకూలం. గోదాముల నిండా ఏది ఉందో అదే స్టోరుకు వస్తుంది. స్టోరుకు ఏది వస్తే అదే కంచంలోకి వస్తుంది.

నాకు కనపడే లెక్క ఇది: చవక బియ్యం, శెనక్కాయ ఒకదాన్నొకటి మోసుకుంటూ పెరిగాయి. తిండిగింజల బాధ స్టోరు చూసుకుంటుంది కాబట్టి చేను మొత్తం శెనక్కాయకు వదిలేయొచ్చు. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టాక శెనక్కాయకు ఇంకా ఊపు వచ్చింది. చివరికి దేశంలో ఏ జిల్లాలోనూ లేనంత విస్తీర్ణంలో అనంతపురం శెనక్కాయ వేసింది. మిశ్రమ పంట పోయి ఒకే పంట మిగిలింది. వాన తప్పితే కొర్రలన్నా మిగిలే పాత రోజు పోయింది. వాన తప్పితే ఇప్పుడు మిగిలేది అప్పు. 1990ల చివరి నుంచి పేపర్లలో మన జిల్లా పేరు ఏ వార్తలతో వచ్చిందో మీకు తెలుసు. ఆకలితో చావడం తగ్గింది, అప్పుతో చావడం మొదలైంది.

అంతమాత్రాన రెండు రూపాయల బియ్యాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. మాది రైతు కుటుంబం. మా పెరటి వాకిలి దగ్గర కూలికి వచ్చినవాళ్లకు సంగటి ముద్ద పెట్టడం, సుగ్గిలో కూలి కింద గింజలు కొలవడం మా పెద్దవాళ్లు చూసిన లోకం. ఆ వాకిలి ఇవతల నిలబడి తిన్నదానికీ, అవతల నిలబడి చేయి చాపినదానికీ రుచి ఒకటే ఎట్లా అవుతుంది? తన కార్డు మీద తన పేరుతో వచ్చిన బియ్యం తన పొయ్యి మీద ఉడకడం మొదలయ్యాక, కూలిమనిషి రైతు ఇంటి గింజ కోసం కాచుకోవాల్సిన పని తగ్గింది. 'రేపు రాను' అనగలిగే బలం వచ్చింది. నాలాంటివాళ్లు స్టోరు బియ్యం లావుగా ఉంటుందని మూతి తిప్పుకున్నాం. దాన్నే మొదటిసారి కడుపునిండా తిన్న పిల్లవాడికి అది అమృతం.

మూతి తిప్పుకోవడం గురించి కూడా చెప్పాలి. అందరికీ బియ్యం వచ్చేసరికి బియ్యంలోనే కొత్త అంతస్తులు వచ్చాయి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబమసూరి, అదే బీపీటీ-5204, సన్నబియ్యానికి మారుపేరైంది. మా వీధిలో పెళ్లి భోజనం గురించి మాట్లాడుకుంటే మొదటి ప్రశ్న కూరల గురించి ఉండేది కాదు. "సోనానా, స్టోరా?" శ్రీనాథుడి చాటువు కొత్త వేషంలో తిరిగి వచ్చినట్టే.

చిరు, సిరి

ఇప్పుడు చక్రం మళ్లీ తిరిగింది. మనదేశం ప్రతిపాదనతో ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మైసూరులో ఉండే ఖాదర్ వలి ప్రసంగాలతో 'సిరిధాన్యాలు' అన్న కన్నడ మాట తెలుగు ఇళ్లలోకి వచ్చేసింది. చిరు కాస్తా సిరి అయింది. ఒక్క అక్షరం తేడాతో పేదవాడి గింజ షుగరు పేషంటు గింజ అయింది. బెంగళూరులో మా ఆఫీసు క్యాంటీన్‌లో శుక్రవారం కొర్రబియ్యం బిసిబేళబాత్ పెడతారు. దానికి క్యూ ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఊరికి పోతూ బెంగళూరు సూపర్‌మార్కెట్‌లో కిలో కొర్రలు కొనుక్కుని పోయాను. జేజికి అప్పటికి ఎనభై దాటాయి. ప్యాకెట్ చించి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, వేలితో నలిపి చూసింది. "ఇంత బాగా పొట్టు తీసి అమ్ముతాండారా? మా కాలంలో ఇట్ల దొరికింటే ఎన్ని కొర్రలైనా తిందుము" అంది. వెల ఎంతని అడిగింది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఇది తింటాండామని సుట్టాలకి చెప్పేకి సిగ్గుపడ్తాంటిమి నాయనా. సుట్టాలొస్తే కొర్రకూడు కుండ మూలకి పెట్టి, పక్కింట్లో బియ్యం బదులు తెచ్చి వండుతాంటిమి." ఆ పూట అమ్మ కొర్రన్నం వండి పులుసు చేసింది. జేజి ఒక ముద్ద తిని, బాగుందని చెప్పి, "నాకు బువ్వ పెట్టు" అంది.

నాకు ఆ ముద్దలో ఆరోగ్యం కనపడింది. ఆమెకు రోకలి, సిగ్గు, బదులు తెచ్చిన గిద్దెడు బియ్యం కనపడ్డాయి. ఒకే గింజ, ఒకే ఇల్లు, రెండు చరిత్రలు. 'మన పూర్వీకులు ఎంత తెలివైనవాళ్లో, చిరుధాన్యాలు తినేవాళ్లు' అని వాట్సాప్‌లో వచ్చినప్పుడల్లా నాకు ఆమె మూలకు జరిపిన కుండ గుర్తొస్తుంది. వాళ్లు ఎంచుకుని తినలేదు. ఎంచుకునే అవకాశం వచ్చిన మొదటి రోజే వదిలేశారు. ఆ గింజల్లో పోషకాలు ఎక్కువన్నది నిజమే, ఈ నేలకు అవే తగిన పంటలన్నదీ నిజమే. కానీ ఆ నిజాన్ని చెప్పడానికి వాళ్ల అవమానాన్ని తుడిచేయాల్సిన పని లేదు.

మరాఠీ రచయిత షాహూ పటోలె 2015లో మరాఠ్వాడా దళితుల వంటల మీద పుస్తకం రాశాడు. అదీ మనలాంటి కరువు పీఠభూమే. 'అన్నం పూర్ణబ్రహ్మం' అన్న సామెతను తిరగేసి, 'అన్నం అపూర్ణ బ్రహ్మం' అని అర్థం వచ్చేటట్టు పేరు పెట్టాడు. వంటల పుస్తకాల్లో నెయ్యి, బెల్లం, పాలు ఎవరి ఇళ్లవో, ఎవరి ఇళ్లలో అవి లేవో ఆ ఒక్క పేరు చెప్పేస్తుంది. మన సీమ తిండి గురించి తెలుగులో వస్తున్న జ్ఞాపకాల్లో రాగిసంగటి, నాటుకోడి చాలా ఉన్నాయి. వాకిలి అవతల కూర్చుని తిన్నవాళ్ల పుస్తకం ఇంకా తగినంతగా రాలేదు.

అందుకే ఇంట్లో ఎనభై దాటిన మనిషి ఉన్నవాళ్లతో ఒక మాట. రెసిపీ అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి. రోజుకు పొయ్యి ఎన్నిసార్లు వెలిగేది? గింజలు ఎవరు దంచేవాళ్లు? ఆఖరున ఎవరు తినేవాళ్లు, వాళ్లకు ఏం మిగిలేది? ఇంటికి చుట్టం వస్తే ఏ కుండ దాచేవాళ్లు? ఈ జవాబులు ఏ గెజిటీర్‌లోనూ దొరకవు. వాళ్లు పోతే పోయినట్టే.

2023లో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టింది. 1877లో ఒక పౌను గింజలు, 1950లలో గంజి, 1983లో రెండు రూపాయల బియ్యం, ఇప్పుడు బెల్లం కలిపిన జావ. ప్రతి తరం పిల్లల నాలుక మీద ప్రభుత్వం ఏదో ఒక రుచి రాసిపెడుతూనే ఉంది. తాడిపత్రిలో ఈరోజు బడి వరండాలో గ్లాసు పట్టుకుని కూర్చున్న పిల్లకు ఇంకో ముప్పై ఏళ్లకు రాగి అంటే ఏం గుర్తొస్తుంది? ఆ పిల్లకు రోకలి తెలియదు, మూలకు జరిపిన కుండ తెలియదు. బహుశా సిగ్గు లేకుండా రాగి రుచి తెలిసిన మొదటి తరం అదే కావచ్చు. ఆ మాట నిజమైతే మాత్రం, ఇన్ని కరువుల తర్వాత అది చిన్న సంగతేమీ కాదు.